నాన్న పోయాక నేను ఒక్క పోస్టు కూడా పెట్టలేదు

ఖమ్మం జిల్లా నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు నలభై దాటింది, ప్రైవేటు స్కూల్లో టీచరు. ఉత్తరం మొత్తం వేయలేం కాబట్టి అందులోని ముఖ్యమైన సంగతులు చెబుతాను.

2021 ఏప్రిల్ ఆఖర్లో, కరోనా రెండో వేవ్‌లో, ఆవిడ నాన్నగారికి జ్వరం వచ్చింది. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి, అప్పటికి 68 ఏళ్లు. అమ్మకీ పాజిటివే, భర్తకీ పాజిటివే. రెండు గంటలకోసారి నాన్న వేలికి ఆక్సీమీటర్ పెట్టి, వచ్చిన అంకెను ఒక నోటుబుక్కులో రాసుకుంటూ కూర్చున్నది ఈవిడ ఒక్కరే. నాలుగో రోజు రాత్రి అది 86కి పడిపోయింది. దగ్గర్లో ఎక్కడా బెడ్ లేదు. అంతకుముందు ట్విట్టర్‌లో (ఇప్పుడు ఎక్స్ అంటున్నారు) ఒక్క ముక్క రాయని ఈవిడ నాన్న వయసు, ఆక్సిజన్ లెవెల్, తన ఫోన్ నంబరు పెట్టి 'ఆక్సిజన్ బెడ్ అర్జెంటుగా కావాలి' అని పోస్టు చేశారు. మూడు గంటల్లో నలభై దాకా ఫోన్లు వచ్చాయట. ముక్కూమొహం తెలియని ఒక కుర్రాడు రాత్రి రెండు దాకా ఆసుపత్రులకు ఫోన్లు చేసి చేసి హైదరాబాద్‌లో బెడ్ చూపించాడు. ఎనిమిది రోజులకు నాన్నగారు పోయారు.

తమ్ముడు వర్క్ వీసా మీద డాలస్‌లో ఉన్నాడు. రాలేకపోయాడు. దహనం మున్సిపాలిటీ వాళ్లే చేశారు. ఈవిడ దూరంగా నిలబడి, ఫోన్ పైకెత్తి పట్టుకుని వీడియో కాల్‌లో తమ్ముడికి చూపిస్తుంటే మధ్యలో సిగ్నల్ పోయింది. ఆ రోజే తమ్ముడు ఫేస్‌బుక్‌లో నాన్న గురించి చాలా పెద్ద పోస్టు రాశాడు. దానికి ఆక్సిజన్ మాస్కుతో ఉన్న నాన్న ఫొటో పెట్టాడు. ఆ ఫొటో ఆసుపత్రి నుంచి ఈవిడే ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పంపింది. కింద వందల కామెంట్లు. ఈవిడ మాత్రం ఎక్కడా ఏమీ రాయలేదు, కనీసం డీపీ కూడా మార్చలేదు. "కొడుకు అంత దూరాన ఉండి అంతగా కుమిలిపోతున్నాడు, దగ్గరున్నదానికి కంట తడే లేదు" అని మేనత్త నలుగురిలో అన్నదట. పెద్దకర్మ అయిన వారానికి, నాన్న నాటిన మల్లెపొద విరగబూస్తే ఆ ఫొటో స్టేటస్‌లో పెట్టుకున్నారు. 'అప్పుడే మామూలైపోయారా వదినా' అని ఆడపడుచు మెసేజ్ పెట్టింది. వెంటనే తీసేశారు. అప్పటినుంచి ఈ రోజు వరకు ఎక్కడా ఏమీ పెట్టలేదు.

ప్రతి మే నెలలో తమ్ముడు ఆ పాత పోస్టునే మళ్లీ షేర్ చేసి అక్కను ట్యాగ్ చేస్తాడు. అమ్మ ఇప్పుడు ఈవిడ దగ్గరే ఉంటోంది. ఆ మాస్కు ఫొటో కంటపడిన రోజు అమ్మ అన్నం ముట్టదు. కానీ ఆ పోస్టు కింద ఎవరెవరు ఏం రాశారో మాత్రం మనవరాలితో చదివించుకుని వింటుంది. ఇక ట్విట్టర్‌లో ఆ రాత్రి పెట్టిన పోస్టు ఫోన్ నంబరుతో సహా అలాగే ఉంది. దాని కింద ఆఖరి రిప్లై, 'అండీ, బెడ్ దొరికిందా? అంకుల్ ఎలా ఉన్నారు?' అని. ఈవిడ దానికి జవాబివ్వలేదు.

అడుగుతున్నవి మూడు. ఆ ఫొటో తీసేయమని తమ్ముణ్ణి అడిగే హక్కు నాకుందా? ఆ ట్విట్టర్ పోస్టును ఏం చేయాలి? నేను నిజంగానే రాతిమనిషినా?

*

ముందు మీ మూడో ప్రశ్న గురించే మాట్లాడదాం, ఎందుకంటే మిగతా రెండూ దాని చుట్టూనే తిరుగుతున్నాయి.

మీ తమ్ముడికి ఆ రోజు ఏం మిగిలిందో ఒక్కసారి చూడండి. నాన్న చెయ్యి పట్టుకోలేదు, పాడె మోయలేదు, కొరివి పెట్టలేదు, చివరికి చూస్తున్న కాస్త వీడియో కూడా ఆగిపోయింది. 2021 మే 4 నుంచి అమెరికా ఇండియా నుంచి వచ్చేవాళ్ల మీద ఆంక్షలు పెట్టింది, సిటిజన్లకూ గ్రీన్‌కార్డు వాళ్లకూ మినహాయింపు ఉండేది కానీ వర్క్ వీసా మీద ఉన్నవాళ్లు ఇక్కడికి వస్తే తిరిగి ఎప్పుడు వెళ్తారో చెప్పే నాథుడే లేడు. ఆ అబ్బాయి చేతిలో ఉన్నది ఒక్క ఫోనే. దానితో ఏం చేయగలడో అదే చేశాడు. మీ చేతుల్లో ఆ పన్నెండు రోజులూ ఆక్సీమీటర్, నోటుబుక్కు, కషాయం గ్లాసు, అమ్మ మందులు, ఆసుపత్రి బిల్లులు, అంబులెన్స్ వాళ్ల నంబర్లు ఉన్నాయి. ఫోన్ కూడా ఉంది కానీ అది బెడ్ వెతకడానికి, తర్వాత మందులు వెతకడానికి. దుఃఖం గురించి రాసుకునే ఖాళీ మీకు ఒక్క గంట కూడా దొరకలేదు. దూరంగా ఉన్నవాడు రాయడం, దగ్గర ఉన్నవాళ్లు రాయలేకపోవడం ఆ రెండో వేవ్‌లో చాలా ఇళ్లలో జరిగింది. దానిలో ఎవరి ప్రేమ ఎక్కువో తేల్చే లెక్క ఏమీ లేదు, ఈ మాట నేను మీ మనసు నిలబెట్టడానికి అనడం లేదు, జరిగింది అదే కాబట్టి అంటున్నాను.

మరి మీ మేనత్తకు అలా ఎందుకు అనిపించింది? మన ఊళ్లలో చావింటికి వెళ్లినప్పుడు ఎవరు శోకాలు పెట్టి ఏడ్చారు, ఎవరు ఏడవలేదు అని చూసే అలవాటు పాతదే. కాకపోతే అప్పట్లో దానికి ఇంకో పక్క ఉండేది. పలకరింపుకు వచ్చినవాళ్లలో సగం మంది ఏమీ మాట్లాడేవాళ్లు కాదు. వచ్చి అరుగు మీద కాసేపు కూర్చుని లేచి వెళ్లిపోయేవాళ్లు, ఆ కూర్చోవడమే పలకరింపు. మీలాంటి మనిషి ఏడవకపోయినా వంటింట్లో వచ్చినవాళ్లకు కాఫీలు కలుపుతూ కనిపించేది, ఆ పని చూసి 'పాపం, దాని బాధ దానిది' అని ఎవరో ఒక పెద్దావిడ అర్థం చేసుకునేది. కరోనా ఆ అరుగును తీసేసింది. ఎవరూ ఎవరింటికీ వెళ్లలేదు. తెలంగాణలో మే 12 నుంచి లాక్‌డౌన్, ఆంధ్రలో అంతకు వారం ముందే మధ్యాహ్నం నుంచి కర్ఫ్యూ. ఇక పలకరింపులన్నీ కామెంట్ల కింద జరిగాయి. అక్కడ ఊరికే వచ్చి కూర్చోవడం కుదరదు కదా, ఏదో ఒకటి రాస్తేనే ఉన్నట్టు, రాయకపోతే లేనట్టు. 2020 ఏప్రిల్‌లో ఫేస్‌బుక్ వాళ్లు గుండెను హత్తుకున్న బొమ్మతో 'కేర్' అనే కొత్త గుర్తు తెచ్చారు, మీకు గుర్తుండే ఉంటుంది. మాటలు రానివాళ్లకు అది కొంత పనికొచ్చింది. కానీ నోటుబుక్కులో 94, 91, 88, 86 అని రాసుకుంటూ తెల్లవార్లూ కూర్చున్న మనిషిని చూపించే గుర్తు ఏదీ ఎవరి ఫోన్‌లోనూ లేదు. మీ మేనత్తకు కనిపించింది పోస్టు, కనిపించనిది మీరు.

అంతమాత్రాన ఆవిడ అన్నది సరైపోదు. ఆ మాట తప్పు, మీకు తగిలిన దెబ్బ నిజం. మీకు ఓపిక ఉంటే ఏదో ఒక రోజు ఆ నోటుబుక్కు ఆవిడ చేతికి ఇవ్వండి, వాదించొద్దు, చూడమనండి చాలు. ఇవ్వాలని లేకపోతే మానేయండి. ఇస్తే ఆవిడ ఏడుస్తుందో, 'ఇప్పుడెందుకివన్నీ' అంటుందో ముందే చెప్పలేం, రెండో మాట వస్తే తట్టుకోగలనా అని మీరు ముందు ఆలోచించుకోవాలి. ఆడపడుచు మెసేజ్ గురించి ఎక్కువ చెప్పను. నాన్న నాటిన మల్లెలు పెట్టడం మీరు ఆయన గురించి మాట్లాడిన పద్ధతి. ఆ చెట్టు ఎవరిదో ఆ అమ్మాయికి తెలియదు.

ఇప్పుడు ఫొటో సంగతి. హక్కు ఉందా అని అడిగారు. ఉంది. ఆ ఫొటో మీరు తీసింది, ఇంటివాళ్లకు పరిస్థితి చెప్పడానికి పంపింది, ఊరందరికీ చూపించడానికి కాదు. పైగా మీ నాన్నగారు ఒంట్లో బాగుంటే అలా మాస్కుతో, గడ్డం మాసిన ఫొటో నలుగురిలో పెట్టనిచ్చేవారా? ముప్ఫై ఏళ్లు ఖాకీ యూనిఫాం ఇస్త్రీ చేసుకుని డ్యూటీకెళ్లిన మనిషి అని మీరే రాశారు. కాబట్టి అడగడంలో తప్పేమీ లేదు. ఏం అడగాలి, ఎలా అడగాలి అన్నదే చూసుకోవాలి.

మీ ఉత్తరంలో మీరు గబగబా దాటేసిన వాక్యం ఒకటుంది, నేను అక్కడే చాలాసేపు ఆగిపోయాను. అమ్మ ఆ కామెంట్లు చదివించుకుంటుందని. ఆవిడకు భర్త పోతే ఇంటికొచ్చి పలకరించినవాళ్లు లేరు. పదకొండో రోజు బంధువులు లేరు. పసుపు కుంకుమల విషయంలో జరిగేవి జరిగాయో లేదో, ఆవిడ కూడా అప్పుడు మంచం మీదే ఉంది. ఆవిడకు దక్కిన పలకరింపు అంతా ఆ పోస్టు కిందే ఉంది. డిపోలో ఆయనతో పనిచేసినవాళ్లు, పాత ఇంటి పక్కవాళ్లు, ఎక్కడెక్కడి వాళ్లో ఆయన గురించి రాసిన నాలుగేసి మాటలు. కాబట్టి కోపంలో 'ఆ పోస్టే తీసెయ్' అన్నారనుకోండి, తమ్ముడు నొచ్చుకుని తీసేశాడనుకోండి, పోయేది అమ్మ చదివించుకునే ఆ మాటలు కూడా. ఆ కామెంట్లు మళ్లీ రావు.

అందుకని నాకు తోచినవి చెబుతాను, ఏది చేయాలో మీ ఇష్టం. ఒకటి, ఫొటో మాత్రం తీసి రాసిన మాటలు ఉంచమని తమ్ముణ్ణి అడగడం. కామెంట్లు పోకుండా పోస్టును ఎడిట్ చేసి ఫొటో తీసే వీలుందేమో ముందు చూసుకోమనండి, ఆ స్థానంలో యూనిఫాంలో ఉన్న ఫొటోయో, అమ్మతో తీసుకున్న ఫొటోయో మీరే వెతికి పంపితే ఇంకా మంచిది, ఎందుకంటే తీసెయ్ అన్న మాట కంటే ఇది పెట్టు అన్న మాట వినడం తేలిక. ఎడిట్ చేసేముందు కామెంట్లన్నీ ఒకసారి స్క్రీన్‌షాట్లు తీసి దాచమనండి, వీలైతే ప్రింటు తీయించి అమ్మకు ఇవ్వండి. దీంట్లో ఉన్న చిక్కల్లా, ఆ ఫొటోతో తమ్ముడికి ఎలాంటి ముడి ఉందో మనకు తెలియదు. నాన్న ఆఖరి రోజుల్ని అతను చూసింది ఆ ఒక్క ఫొటోలోనే అయ్యుండొచ్చు. మీకు అది భయంకరమైన రాత్రి, అతనికి అది నాన్న ఇంకా బతికున్న రాత్రి. ఈ మాట మనసులో పెట్టుకుని అడిగితే మీ గొంతే వేరుగా ఉంటుంది. అతను దాన్ని తన ఫోన్‌లో దాచుకోవచ్చు కదా, పోస్టులోంచి తీస్తే ఫొటో పోయినట్టు కాదని చెప్పండి.

రెండోది, తమ్ముణ్ణి ఏమీ అడగకుండా మీ ఫోన్‌లో మీరే సర్దుకోవడం. ఫేస్‌బుక్‌లో ట్యాగ్ తీసేసుకోవచ్చు, ఎవరు ట్యాగ్ చేసినా మీరు సరే అన్నాకే మీ పేజీలో కనిపించేలా పెట్టుకోవచ్చు. పాత పోస్టుల్ని గుర్తుచేసే మెమొరీస్ సెట్టింగుల్లోకి వెళ్లి ఫలానా తేదీలవి, ఫలానా మనిషివి చూపించొద్దని చెప్పొచ్చు. మే నెలలో ఒక ముప్ఫై రోజుల పాటు అతని పోస్టులు మీకు రాకుండా స్నూజ్ కూడా చేయొచ్చు, అతనికి తెలియదు. దీనితో గొడవ ఉండదు, మీకు కొంత ఊపిరి ఆడుతుంది. కానీ అమ్మ ఫోన్ సంగతి మిగిలే ఉంటుంది, పైగా మీ ఇద్దరి మధ్య ఈ మాట అలాగే మూసిపెట్టినట్టు ఉండిపోతుంది. ఇన్నేళ్లు మూసిపెట్టారు, ఏటేటా అది పెరిగిందే కానీ తగ్గలేదని మీ ఉత్తరమే చెబుతోంది. ఈ ఏడాదికి మాత్రం తట్టుకోవాలనుకుంటే ఇది పనికొస్తుంది.

మూడోది నేను వద్దనే చెబుతాను. ఆ పోస్టు కిందే కామెంట్లో అడగడం, లేదా బంధువుల గ్రూపులో రాయడం. నలుగురి ముందు అడిగితే అతను నలుగురికీ జవాబు చెప్పాల్సి వస్తుంది, మీకు కాదు.

ఇంకోటి, ఎవర్నీ అడిగేముందు అమ్మను అడగండి. "ఆ ఫొటో నీకేమనిపిస్తుందమ్మా, ఉంచమంటావా తీయమంటావా" అని. కొడుకూ కూతురూ కలిసి ఆవిణ్ణి ఇంతవరకు ఒక్క మాట అడిగినట్టు నాకు ఉత్తరంలో కనపడలేదు. ఆవిడ ఉంచమంటే? అప్పుడు మీరు మీ ఫోన్ సర్దుకోవడం దగ్గరే ఆగాల్సి రావొచ్చు, దానికి సిద్ధపడి అడగండి.

ట్విట్టర్ పోస్టు గురించి. మీ బాబాయి 'అలాంటివి పెడితే కేసులు పెడతారు' అని తిట్టారని రాశారు. ఆ భయం ఇప్పటికీ ఉంటే వదిలేయండి. 2021 ఏప్రిల్ 30న జస్టిస్ చంద్రచూడ్ ఉన్న సుప్రీంకోర్టు బెంచ్, ఆక్సిజన్ కోసం బెడ్ల కోసం సోషల్ మీడియాలో మొరపెట్టుకున్న జనం మీద చర్యలు తీసుకుంటే దాన్ని కోర్టు ధిక్కారంగా చూస్తామని స్పష్టంగా చెప్పింది. మీరు చేసింది తప్పు కాదు, నాన్నను ఆ రాత్రి దాటించింది ఆ పోస్టే.

కానీ ఫోన్ నంబరు ఇంకా అక్కడ ఉండటం మంచిది కాదు. ఎప్పటికైనా ఆ పోస్టు తీసేయాల్సిందే అనుకుంటున్నాను. ఎప్పుడు, ఎలా అన్నది రెండు రకాలు. వెంటనే తీసేస్తే పని అయిపోతుంది, ఒక స్క్రీన్‌షాట్ మీ దగ్గర పెట్టుకుంటే చాలు. లేదా తీసేముందు ఆ ఆఖరి రిప్లైకి జవాబివ్వడం.

జవాబు గురించి ఎందుకంటున్నానంటే, 2020 ఆగస్టు, సెప్టెంబరు నెలలు నాకు బాగా గుర్తున్నాయి. గాయకుడు ఎస్పీ బాలుగారు కరోనా సోకి ఆగస్టు 5న, తనకు పెద్దగా ఏమీ లేదు, ఎవరూ కంగారు పడొద్దు అని ఆసుపత్రి నుంచి వీడియో పెట్టారు. తర్వాత పరిస్థితి మారింది. ఆయన కొడుకు చరణ్ గారు ఇవాళ ఎలా ఉందో చెబుతూ పెట్టే వీడియో కోసం నేనూ మా ఇంట్లో వాళ్లూ రోజూ ఎదురుచూసేవాళ్లం, బాలుగారు మాకు చుట్టం కాదు, ఒక్కసారి కూడా ఎదురుగా చూసింది లేదు. సెప్టెంబరు 25న ఆయన పోయారని తెలిసినప్పుడు ఇంటిల్లిపాదీ ఏడ్చాం. కానీ కబురు తెలిసింది, ఏడ్చే వీలు దొరికింది. మీకు బెడ్ వెతికిన ఆ కుర్రాడికి కబురు తెలియలేదు. అలాంటి పిల్లలు ఆ రోజుల్లో ఎంతమంది కోసం ఫోన్లు చేశారో, అందులో ఎంతమంది బతికారో వాళ్లకే తెలియదు. 'అంకుల్ ఎలా ఉన్నారు' అని అడిగినవాళ్లు మర్యాదకు అడగలేదు.

రాయాలనిపిస్తే రెండు లైన్లు చాలు. 'ఆ రాత్రి బెడ్ దొరికింది. ఎనిమిది రోజుల తర్వాత నాన్న వెళ్లిపోయారు. అప్పుడు చెప్పలేకపోయాను. మీరంతా చేసిన సాయం మర్చిపోలేదు.' అంతకంటే అక్కర్లేదు. రాసేముందు ఆ పోస్టుకు ఎవరు రిప్లై ఇవ్వొచ్చో మీరే తగ్గించి పెట్టుకోవచ్చు, అప్పుడు కొత్తవాళ్లు వచ్చి ఓదార్పులు రాసే బెడద ఉండదు. కొన్ని రోజులు ఉంచి తీసేయండి. దీనికి మూల్యం లేకపోలేదు, ఆ రాత్రి మళ్లీ కళ్లముందుకొస్తుంది, రెండు మూడు రోజులు నిద్ర పట్టకపోవచ్చు. పరీక్షల పేపర్లు దిద్దే వారంలో మాత్రం పెట్టుకోకండి. అసలు రాయలేనంటే రాయకండి, ఆ కుర్రాడి నంబరు మీ ఫోన్లో ఉంటే అతనికి ఒక్కడికే మెసేజ్ పెట్టినా చాలు.

బయట ఏమీ పెట్టాలని లేకపోయినా, లోపలిది ఎక్కడో రాసుకోవడం వల్ల మేలు ఉందని పరిశోధించినవాళ్లున్నారు. జేమ్స్ పెన్నేబేకర్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1980లలో కాలేజీ పిల్లలతో వరుసగా నాలుగు రోజులు, రోజుకు పావుగంట, ఎవరికీ చెప్పని బాధల గురించి రాయించాడు. రాసిన రోజు వాళ్లకు ఇంకా బరువుగా అనిపించింది, తర్వాత నెలల్లో మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. అందరికీ ఇది పనిచేయదు. మీ నోటుబుక్కులో ఇంకా ఖాళీ పేజీలుంటే ఒక సాయంత్రం ప్రయత్నించి చూడండి, గుండె మరీ బరువెక్కితే ఆపేయండి.

ఒక విషయం మాత్రం సీరియస్‌గా అడుగుతున్నాను. ఉత్తరం చివర్లో, రాత్రిళ్లు ఇప్పటికీ రెండు గంటలకోసారి మెలకువ వస్తుందని రాశారు. నాన్నకు ఆక్సీమీటర్ పెట్టిన టైములవి. నెలలు, సంవత్సరాలు గడిచినా దుఃఖం రోజువారీ బతుకును అలాగే పట్టుకుని ఉంటే డాక్టర్లు ఇప్పుడు దాన్ని చికిత్స ఉన్న సమస్యగానే గుర్తిస్తున్నారు. మీకు అదే ఉందని నేను అనలేను, ఉత్తరం చదివి అలా చెప్పడం తప్పు కూడా. కానీ ఒకసారి మాట్లాడండి. టెలీ మానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416, డబ్బులేమీ కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. పేరు చెప్పడం ఇబ్బందైతే నిద్ర పట్టడం లేదని మొదలుపెట్టండి.

ఇక తమ్ముడికి ఫోన్ సంగతి. మెసేజ్ వద్దు, ఫోనే చేయండి. మే నెల దాకా ఆగొద్దు, ఆ రోజులు దగ్గరపడ్డాక ఇద్దరికీ గొంతు ఒణుకుతుంది. మొదట ఫొటో గురించి ఎత్తకండి. "ఆ రోజు సిగ్నల్ పోయాక నువ్వేం చేశావురా" అని అడగండి. మీరిద్దరూ ఇన్నేళ్లలో ఆ మాట మాట్లాడుకున్నట్టు నాకు అనిపించలేదు. అతను చెప్పింది పూర్తిగా విన్నాక, సిగ్నల్ పోయాక ఇక్కడ మీరేం చూశారో చెప్పండి. ఫొటో సంగతి ఆ తర్వాత, ఆ రోజే కాకపోయినా ఫరవాలేదు. మనకు ఆదివారం పొద్దున ఏడున్నర అంటే వాళ్లకు శనివారం రాత్రి, పిల్లలు పడుకునే వేళ. అప్పుడైతే అతను ఆఫీసు హడావిడి లేకుండా మాట్లాడతాడు.